"టేక్ ఎ విఫ్ ఆన్ మీ": ఒక పాత పాటలో దాగిన చరిత్ర

ఈసారి ఒక పాత అమెరికన్ జానపద పాట చరిత్ర రాస్తున్నాను. పాట పేరు "టేక్ ఎ విఫ్ ఆన్ మీ". అది కొకైన్ గురించిన పాట. గుడిలో ప్రసాదం పంచే పెద్దమనిషికి ఈ పాటతో ఏం పని అంటారా? చదవండి, చెబుతాను.

ముందు పేరు చూద్దాం. "విఫ్" అంటే ముక్కుతో ఒకసారి పీల్చడం. "ఆన్ మీ" అంటే ఇక్కడ "నా మీద" కాదు, "నా ఖర్చుతో" అని. మనం హోటల్లో "ఈ పూట కాఫీ నాది" అంటాం కదా, అలాగ. స్నేహితుడికి కాఫీ ఇప్పించినంత తేలికగా కొకైన్ ఇప్పిస్తున్నారు. పాట నడక కూడా హుషారుగా ఉంటుంది. ఎందుకంత తేలిక?

ఎందుకంటే అప్పట్లో అది అంగడి సరుకు. 1880ల నుంచి అమెరికాలో పంటినొప్పి చుక్కల్లో, జలుబు పొడుల్లో కొకైన్ ఉండేది. 1886లో అట్లాంటాలో మొదలైన కోకా-కోలాలో కూడా మొదట్లో కోకా ఆకు సారం కలిపేవారు. దక్షిణాది రేవుల్లో బరువులు మోసే నల్లజాతి కూలీలు అలసట తెలియకుండా వాడేవారు. పని చేయించేవాళ్లే ఇచ్చిన చోట్లు కూడా ఉన్నాయి.

తరువాత చట్టాలు వచ్చాయి. 1906 చట్టం ప్రకారం సీసా మీద కొకైన్ ఉందని రాయాలి. 1914లో హారిసన్ చట్టంతో డాక్టరు చీటీ లేకుండా కొనడం కుదరలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఒక డాక్టరు వ్యాసం వేసింది. కొకైన్ తీసుకున్న నల్లవాళ్లు తుపాకీ గుండు తగిలినా పడిపోరని అందులో రాశారు. కొకైన్ వాడిన తెల్లవాళ్లు ఎంతోమంది ఉన్నారు. భయం మాత్రం ఒక్క జాతి మీద పెట్టారు.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. జానపదం కదా, కట్టిన కవి పేరు లేదు. నోటి నుంచి నోటికి వెళ్తూ మారింది. 1927లో చార్లీ పూల్ ఇదే పాటను కొకైన్ తీసేసి, మద్యం పెట్టి రికార్డు చేశాడు. తమాషా ఏమిటంటే, అప్పుడు మద్యం మీద కూడా నిషేధం ఉంది! 1930లో మెంఫిస్ జగ్ బ్యాండ్ రికార్డులో హ్యాటీ హార్ట్ పాడింది. అందులో మందుల షాపుకి వెళితే సరుకు ఇక లేదని తెలుస్తుంది. అంటే చట్టం వచ్చిన సంగతి పాటలోకి ఎక్కింది.

1933లో జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్ రికార్డింగు యంత్రంతో లూసియానాలోని అంగోలా జైలుకి వెళ్లారు. ఆ జైలు స్థలం ఒకప్పుడు బానిసలు పనిచేసిన తోట. అక్కడ ఖైదీగా ఉన్న లెడ్ బెల్లీ వాళ్లకి ఈ పాట పాడాడు. 1934లో లోమాక్స్‌ల పుస్తకంలో అచ్చయింది. 1970లో ద బర్డ్స్ అనే రాక్ బృందం కూడా పాడింది.

ఈ సంగతులు మా గుడి వంటగదిలో చెబితే ఒక అమ్మాయి, "అంకుల్, ఇలాంటి పాటలు మరిచిపోతేనే మంచిది కదా?" అంది. పిల్లలకి నేర్పమని నేను అనను. కానీ పారేయకూడదు. వ్యసనం అంటే వదలాలన్నా వదలని అలవాటు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో చట్టం పుస్తకం చెప్పదు, పాట చెబుతుంది. ముందు అంగడి అమ్మింది, తరువాత వార్తాపత్రిక భయపెట్టింది, చివరికి జైలు నిండింది. 1990ల చివర్లో నొప్పి మాత్రలను కూడా ఇక్కడ "భయం లేదు, వాడండి" అనే అమ్మారు. ఎన్ని ఇళ్లు కూలాయో మనకి తెలుసు.

అందుకే ఎవరైనా వ్యసనంలో పడ్డారని వింటే, "వాడెలాంటివాడు?" అనే ముందు "వాడికి ఎవరు అమ్మారు?" అని అడగండి.