ధమని గోడలో మంట: కుందేలు నుంచి కృష్ణా డెల్టా దాకా

విజయవాడ సూర్యారావుపేటలో యాంజియోగ్రామ్ గది బయట, గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో వచ్చిన బంధువులు ముందుగా అడిగేది ఒకటే: "బ్లాక్ ఎంత శాతం ఉందండీ?" యాంజియోగ్రామ్ చూపేది రక్తం పారే దారిని మాత్రమే, గోడను కాదు. కాలువ గట్టులో ఎండ్రకాయలు బొరియలు చేస్తే పైనుంచి నీటిమట్టం చూసినవాడికి ఏం తెలుస్తుంది? గండి పడ్డాకే తెలుస్తుంది. గోడలో పేరుకునే కొవ్వు పొర (ప్లాక్) పెరిగేకొద్దీ ధమని బయటికి సాగుతుందనీ, అది దాదాపు 40 శాతం చోటు ఆక్రమించేదాకా లోపలి దారి ఇరుకవదనీ 1987లోనే సీమోర్ గ్లాగోవ్ బృందం చూపింది.

ఆలోగా గోడ లోపల ఇన్‌ఫ్లమేషన్, అంటే మంట, సాగుతూనే ఉంటుంది. కొలెస్టరాల్ మింగి ఉబ్బిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు తమ ఎంజైములతో ప్లాక్ పైపొరను కొరికేస్తాయి. పొర చిట్లిన చోట రక్తం గడ్డకడుతుంది.

ఒళ్లొంచి పనిచేసే పల్లెవాళ్లకు గుండెజబ్బు రాదన్న నమ్మకం మన డెల్టాలో ఎప్పుడో చెదిరింది. పక్కనున్న గోదావరి జిల్లాల్లో 2003-04లో 45 గ్రామాల మరణాలను పరిశీలిస్తే, సుమారు 32 శాతానికి గుండె, రక్తనాళాల జబ్బులే కారణమని తేలింది.

గోడలోని మంటను బతికున్న మనిషిలో చూడాలంటే, స్కాన్ తెరమీద కనబడే వెలుగుకు అర్థమేమిటో ముందు రుజువు చేయాలి. ఆ పని జంతువులో సులువు. స్కాన్ తీసిన ధమనినే బయటికి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి కణాలు లెక్కించవచ్చు. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అనిచ్‌కోవ్ కొలెస్టరాల్ తినిపించి కుందేళ్లకు ఈ జబ్బు తెప్పించాడు. 1992లో అపోఈ జన్యువు తీసేసి, ఇదే జబ్బు వచ్చేలా చేసిన చుంచు వచ్చింది. చవక, త్వరగా పెరుగుతుంది. కానీ దాని బృహద్ధమని వ్యాసం సుమారు 1 మిల్లీమీటరే కాబట్టి పెట్ స్కాన్‌లో బొమ్మ మసకబారుతుంది. అందుకే ఇమేజింగ్‌కు కుందేలే నమ్మకమైన సాక్షి.

పెట్ స్కాన్‌లో వాడే ఎఫ్‌డీజీ గ్లూకోజు లాంటిదే, రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించినది. ఆకలిగొన్న మాక్రోఫేజ్ దాన్ని లోపలికి లాక్కుంటుంది. ఏటీపీ ఇచ్చే ఫాస్ఫేట్ అతుక్కోగానే అది ఇక బయటికి పోలేక, ముందుకూ నడవలేక అక్కడే చిక్కుకుంటుంది. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.

ఎఫ్‌డీజీతో కుందేళ్ల ధమనుల్లో మాక్రోఫేజ్‌ల సాంద్రతను చూడవచ్చని 1996లో తొలిగా ప్రకటించిన బృందానికి ముందు నిలిచిన పేరు శంకర్ వల్లభజోస్యుల. ఆ ఇంటిపేరు మనకు కొత్తది కాదు. ఆ ప్రకటన అప్పట్లో చిన్న సారాంశ పత్రం మాత్రమే. 2002లో కేంబ్రిడ్జిలో రడ్ బృందం 8 మంది రోగుల మెడ ధమనుల్లో ఆ వెలుగును చూసింది. 2004లో ఒగావా బృందం పుట్టుకతోనే కొలెస్టరాల్ ఎక్కువగా ఉండే వాతనబే కుందేళ్లలో, చేరే ఎఫ్‌డీజీ మాక్రోఫేజ్‌ల సంఖ్యతో పాటే పెరుగుతుందని చూపింది. గుండె ధమనుల దగ్గర మాత్రం చిక్కు తీరలేదు. గుండె కండరమే ఎఫ్‌డీజీని తాగేసి చుట్టూ వెలిగిపోతుంది.

మందుల దగ్గరికొస్తే సుబ్బారావు పేరు మళ్లీ ఎదురవుతుంది. 1940లలో ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్‌ను 2013లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు అతిసూక్ష్మ కొవ్వు బిందువుల్లో పెట్టి కుందేళ్లకు ఎక్కించారు. ప్లాక్‌లు తగ్గాయి. కానీ ఉత్తర అమెరికాలో 4,786 మంది మీద జరిగిన సర్ట్ అనే క్లినికల్ పరీక్షలో అదే మందు తక్కువ మోతాదులో ఇస్తే గుండెపోట్లు తగ్గలేదు, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ సూచికలూ దిగలేదు. 2018లో ఆ ఫలితం వెలువడింది. కుందేలు అబద్ధం చెప్పిందనడం తొందరపాటు. కుందేలుకు మందు కొవ్వు బిందువులతో కలిసి రక్తంలోకి వెళ్లింది, మనిషి మాత్ర మింగాడు. పైగా ఆ రోగులందరికీ షుగరో మెటబాలిక్ సిండ్రోమో ఉంది.

డెల్టాకు ఈ చివరి మాట ముఖ్యం. రక్తంలో చక్కెర ఎక్కువైతే ఎఫ్‌డీజీకి గ్లూకోజు పోటీకి వచ్చి, ధమని గోడలోని వెలుగు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించవచ్చు. షుగర్ లేని కుందేలులో సరిచూసిన కొలతను, షుగర్‌తో పదేళ్లుగా నెట్టుకొస్తున్న దివిసీమ రైతుకు అలాగే అన్వయించలేం. షుగరూ ప్లాకూ రెండూ ఉన్న జంతువులో స్కాన్ తీసి, ఆ ధమనినే కోసి, మళ్లీ కణాలు లెక్కించాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో 2022లో ప్రారంభమైన జాతీయ జంతు వనరుల కేంద్రం లాంటి చోట ఈ పని మొదలుపెట్టవచ్చు.