సెనేట్ హౌస్ రంగుటద్దాలు



మా కారియాపట్టి వైపు బడిపిల్లల విహారయాత్ర అంటే ముందు గుర్తొచ్చేది మదురై తిరుమల నాయకర్ మహలే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే పిల్లలు ఆ స్తంభాల కింద నిలబడి, “సార్, ఇది కట్టించిన రాజు మనవాడేనా?” అని అడుగుతారు. అవునంటాను. 1636లో తిరుమల నాయకుడు కట్టించిన మహలు అది. తరువాత చాలాభాగం శిథిలమైంది. 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ ప్రభువు దానిని బాగుచేయించాడు. ఆ పని చూసిన వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్. నాయకరాజుల కట్టడాన్ని దగ్గరగా పరిశీలించిన ఆ చిషోమే మద్రాసులో మరో గొప్ప భవనం కట్టాడు. అదే మద్రాసు విశ్వవిద్యాలయపు సెనేట్ హౌస్. మెరీనా తీరాన, చేపాక్కంలో, 1874లో పని మొదలై 1879లో పూర్తయింది.

ఆ భవనానికి అందం తెచ్చినవాటిలో పెద్ద హాలు కిటికీల రంగుటద్దాలు ముఖ్యమైనవి. ఇంగ్లీషువారు స్టెయిన్డ్ గ్లాస్ అంటారు. ఆ రంగు పైపూత కాదు. గాజు కరిగి ఉన్నప్పుడే అందులో లోహాలు కలుపుతారు. కోబాల్టు నీలం ఇస్తుంది, ఇనుము ఆకుపచ్చనిస్తుంది, కొద్దిపాటి బంగారం ఎర్రదనం తెస్తుంది. మన శివకాశి మతాబుల వెలుగుకు రంగులిచ్చేవీ లోహపు లవణాలే కదా! తరువాత గాజును ముక్కలుగా కోసి, సన్నని సీసపు పట్టీలతో కూర్చి, అతుకులు వేస్తారు. బయటినుండి చూస్తే ఆ కిటికీ నల్లగా, మసకగా ఉంటుంది. లోపలికి వెళ్ళి వెలుగుకు ఎదురుగా నిలబడితేనే దాని రంగు తెలుస్తుంది.

ఆ లోపలికి మనవాళ్ళు ఎందరో వెళ్ళారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు కోస్తా, రాయలసీమ కాలేజీల విద్యార్థులకు పట్టా ఇచ్చింది మద్రాసు విశ్వవిద్యాలయమే. 1937 జులై నుండి డిసెంబరు వరకు మద్రాసు శాసనసభ కూడా సెనేట్ హౌస్‌లోనే సమావేశమైంది. అప్పటి స్పీకరు కాకినాడకు చెందిన బులుసు సాంబమూర్తిగారు. రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశంగారు. తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు ఒకే కప్పు కింద కూర్చుని చర్చించిన రోజులవి.

తరువాత ఆ భవనం చాలాకాలం ఆలనాపాలనా లేక పాడుబడింది. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన చట్రం గాజును పగలగొడుతుంది. పగిలిన ముక్కకు అదే రంగు ముక్క మళ్ళీ దొరకడం కష్టం. విశ్వవిద్యాలయానికి 150 ఏళ్ళు నిండే వేళ, 2006 ప్రాంతంలో, భవనాన్ని మరమ్మతు చేశారు.

శిథిలమైన మహలును ఒకనాడు ఎవరో నిలబెట్టబట్టే మా పిల్లలు నేడు “మనవాడేనా?” అని అడగగలుగుతున్నారు. నిలబెట్టకపోతే ఆ ప్రశ్నే ఉండేది కాదు. ఈసారి చెన్నై వెళ్ళినవారు మెరీనాలో సముద్రాన్ని చూసి తిరిగి రాకుండా, ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ భవనాన్నీ చూడండి. వీలు దొరికితే లోపలికి వెళ్ళి, వెలుగుకు ఎదురుగా నిలబడి చూడండి. పిల్లలకు చూపించండి.