అలక: క్లీవ్‌లాండ్ ఫుట్‌బాల్ అభిమానుల అసహనంలో కోచ్, క్వార్టర్‌బ్యాక్

2017 డిసెంబరు 31, పిట్స్‌బర్గ్. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు ఆ సీజన్‌లో అప్పటికి పదిహేను ఆటలు ఆడి పదిహేనూ ఓడిపోయింది. పదహారోదీ ముగింపుకొచ్చింది. నాలుగు పాయింట్లు వెనుకబడి ఉన్నారు. ఉన్నది ఆఖరి ప్రయత్నం, కావలసింది రెండు గజాలు. 21 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్ డిషోన్ కైజర్ మీద పడబోతున్నవాళ్ళను తప్పించుకుని, కోరీ కోల్‌మన్‌ను చూసి బంతి విసిరాడు. కోల్‌మన్ దగ్గర ప్రత్యర్థి ఎవరూ లేరు. బంతి సూటిగా చేతుల్లోకి వచ్చింది, వచ్చినట్టే జారిపోయింది. స్కోరు 28–24. సీజన్ మొత్తం 0–16.

ఆ క్షణంలో క్వార్టర్‌బ్యాక్ చేయవలసింది చేశాడు. కోచ్ పంపిన ఆటగాడు ఖాళీగా దొరికాడు. అయినా ఆ వారమంతా క్లీవ్‌లాండ్‌లో రెండే పేర్లు నలిగాయి: హెడ్ కోచ్ హ్యూ జాక్సన్, క్వార్టర్‌బ్యాక్ కైజర్. అభిమానుల కోపం ఎప్పుడూ ఈ ఇద్దరి దగ్గరికే ఎందుకు చేరుతుంది? అంత కోపం ఉన్నవాళ్ళు జట్టును వదిలి ఎందుకు పోరు? ఈ వ్యాసం పట్టుకున్న ప్రశ్నలివి. రెండోదానికి జవాబు తెలిస్తే తప్ప మొదటిది తేలదని నా అభిప్రాయం.

ముందుగా ఆట గురించి ఒక మాట. మన దగ్గర ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. అమెరికాలో ఆ పేరుతో ఆడే ఆటలో బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్ళది. ప్రతి ప్రయత్నానికీ ఎవరు ఎటు పరుగెత్తాలో ముందే వ్యూహం ఉంటుంది. దాన్ని ఎంచేది కోచ్‌లు, నడిపేది క్వార్టర్‌బ్యాక్. ఒక ప్రయత్నం ముగిశాక తర్వాతిది మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడువు. కోచ్ మాట క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌లో వినిపిస్తుంది. గడువులో 15 సెకన్లు మిగిలేసరికి ఆ మాట తెగిపోతుంది. అక్కడి నుంచి కుర్రాడు ఒంటరి. ఎదుటివాళ్ళ బారును చదవాలి, అవసరమైతే వ్యూహం మార్చాలి, బంతి అందుకోవాలి, మూడు నాలుగు సెకన్లలో విసరాలి.

ఎవరి తప్పు ఎంత అన్న లెక్క తేలవలసింది ఆ పదిహేను సెకన్ల గీత దగ్గర. స్టేడియంలో కూర్చున్న మనిషికి వినపడనిది కూడా సరిగ్గా అదే. కోచ్ ఏం చెప్పాడో తెలియదు, క్వార్టర్‌బ్యాక్ ఏం మార్చాడో తెలియదు. కనపడేది ఫలితం ఒక్కటే. అందుకే ఒక ఆదివారం కోచ్‌ను తిట్టిన నోరే మరుసటి ఆదివారం క్వార్టర్‌బ్యాక్‌ను తిడుతుంది. దీన్ని చపలత్వం అనడం తొందరపాటు. సాక్ష్యం సగమే అందిన చోట తీర్పు అటూ ఇటూ ఊగడం సహజం.

ఈ స్పీకర్ చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే మొదలైంది. 1956లో బ్రౌన్స్ కోచ్ పాల్ బ్రౌన్ తన క్వార్టర్‌బ్యాక్ జార్జ్ రాటర్‌మన్ హెల్మెట్‌లో రేడియో పెట్టించి ప్రయోగం చేశాడు. లీగ్ కమిషనర్ బర్ట్ బెల్ దాన్ని నిషేధించాడు. అది నియమబద్ధంగా మైదానంలోకి రావడానికి 1994 దాకా పట్టింది. జట్టుకు ఆ పేరు వచ్చింది కూడా పాల్ బ్రౌన్ మీదుగానే. అతని చేతికింద ఆటో గ్రాహం క్వార్టర్‌బ్యాక్‌గా 1946 నుంచి 1955 వరకు పది సీజన్లు ఆడాడు. పదిసార్లూ జట్టు చాంపియన్‌షిప్ ఆటకు చేరింది, ఏడుసార్లు గెలిచింది. ఒక కోచ్, ఒక క్వార్టర్‌బ్యాక్, పదేళ్ళు. ఆ ఊరి తాతలు చూసింది ఇది. క్లీవ్‌లాండ్ అభిమాని ఓటమిని ఈ ఇద్దరి వైపు నుంచే కొలవడానికి ఆట స్వభావం ఎంత కారణమో, ఈ జ్ఞాపకం కూడా అంతే కారణం. 1964 తర్వాత ఆ జట్టు మళ్ళీ చాంపియన్ కాలేదు. లీగ్ చాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్‌కు ఒక్కసారీ చేరలేదు.

ఇక పోవడం, ఉండడం గురించి. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన పుస్తకంలో, దిగజారుతున్న సంస్థ పట్ల మనుషుల స్పందనను రెండు దారులుగా చూశాడు: వదిలిపోవడం, గొంతెత్తడం. ఆ సంస్థ మీద మమకారం ఉన్నవాళ్ళు వదిలిపోకుండా గొంతెత్తుతారన్నాడు. రాబర్ట్ చాల్డీనీ బృందం 1976లో ప్రచురించిన అధ్యయనం మరో వైపు నుంచి వచ్చింది. తమ కాలేజీ జట్టు గెలిచిన వారాంతం తర్వాతి సోమవారం విద్యార్థులు కాలేజీ పేరున్న దుస్తులు ఎక్కువగా వేసుకొచ్చారు. గెలుపు చెప్పేటప్పుడు ‘మేం’ అన్నారు, ఓటమి చెప్పేటప్పుడు ‘వాళ్ళు’ అన్నారు. ఈ రెండూ విలువైన పరిశీలనలే. కానీ క్లీవ్‌లాండ్‌కు పెట్టి చూస్తే రెండింటికీ ఏదో తక్కువవుతుంది. పదహారు ఆటలూ ఓడాక కూడా ‘మేం’ అనేవాళ్ళున్నారు. వాళ్ళు ఎత్తే గొంతులో ఉన్నది ఫిర్యాదు ఒక్కటే కాదు.

ఆ మిగిలినదానికి తెలుగులో పేరుంది: అలక. కోపం ఎవరిమీదైనా రావచ్చు, దారినపోయేవాడి మీదైనా. అలగాలంటే అవతలివాళ్ళు మనవాళ్ళై ఉండాలి. అలిగినవాళ్ళు అన్నం ముట్టరేమో గానీ ఇల్లు విడిచిపోరు. ఎవరో ఒకరు వచ్చి బుజ్జగిస్తారన్న నమ్మకం అలకలోనే ఉంది. పారిజాతాపహరణంలో నంది తిమ్మన చిత్రించిన సత్యభామ అలక అంత ప్రసిద్ధం కావడానికి కారణం అందులో హక్కు మాట్లాడటమే. పెళ్ళిళ్ళలో అలకపాన్పు ఎక్కే అల్లుడికీ ఆ చనువు బంధుత్వం వల్లే వస్తుంది. అభిమానుల ఆగ్రహాన్ని ఈ మాటతో చదివితే, నిరాశ, విసుగు అనే మాటలకు అందనివి కొన్ని అందుతాయి.

క్లీవ్‌లాండ్‌లో ఈ హక్కు ఒకసారి కాగితం మీదికి కూడా ఎక్కింది. 1995 నవంబరు 6న యజమాని ఆర్ట్ మోడెల్ జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. ఆ డిసెంబరు 17న పాత మునిసిపల్ స్టేడియంలో ఆఖరి ఆట జరిగింది. బ్రౌన్స్ 26–10తో సిన్సినాటిని ఓడించింది. జనం కూర్చున్న కుర్చీలు ఊడబెరికారు. ఊరు కోర్టుకెక్కింది. చివరికి 1996 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆటగాళ్ళూ సిబ్బందీ బాల్టిమోర్‌కు పోయారు. పేరు, రంగులు, చరిత్ర క్లీవ్‌లాండ్‌లోనే మిగిలాయి. 1999లో అదే పేరుతో కొత్త జట్టు వచ్చింది. పోయింది యజమాని ఆస్తి, మిగిలింది ఊరి జ్ఞాపకం. నాకు తెలిసినంతలో వృత్తి క్రీడల్లో అభిమానుల గొంతుకు ఇంతటి స్పష్టమైన ఫలం దక్కిన సందర్భాలు తక్కువ.

కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కొత్త జట్టు మొదటి ఎంపిక క్వార్టర్‌బ్యాక్ టిమ్ కౌచ్. అతని జెర్సీ ఒకటి క్లీవ్‌లాండ్ నడిబొడ్డున ఒక కార్యాలయం కిటికీలో వేలాడేది. క్వార్టర్‌బ్యాక్ మారినప్పుడల్లా పాత పేరు కొట్టేసి, టేపు ముక్క మీద కొత్త పేరు రాసి కింద అతికించేవారు. పేర్లు వీపు దాటి కిందికి పాకాయి. 2016లో దాన్ని తీసేశారు. 2017 సీజన్ ముగిసేసరికి 1999 నుంచి ఆట ఆరంభించిన క్వార్టర్‌బ్యాక్‌ల సంఖ్య 28కి చేరింది. అదే కాలంలో హెడ్ కోచ్‌లు, తాత్కాలికులను వదిలేసినా, ఎనిమిది మంది. జనరల్ మేనేజర్లు మారారు, 2012లో యజమానీ మారాడు. ఆ పేర్లన్నీ వరసగా చదివి గుర్తుపెట్టుకున్నది అభిమానులే. సంస్థకు ఉండవలసిన జ్ఞాపకశక్తి కిటికీలోని ఆ గుడ్డముక్కకు ఉండింది.

ఈ మార్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది రాబ్ చడ్జిన్‌స్కీ ఉదంతం. ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో పెరిగి, చిన్నప్పటి నుంచి బ్రౌన్స్‌ను అభిమానించిన మనిషి. 2013లో హెడ్ కోచ్ అయ్యాడు. సీజన్ 4–12తో ముగిసింది. ఆఖరి ఆట జరిగిన రాత్రే అతన్ని తీసేశారు. ఒక్క సీజన్. కోచ్‌ను మార్చమని గొంతెత్తే అభిమానులు సైతం అడిగింది ఇంత తొందర కాదు.

కోచ్‌ను తీసేస్తే జట్టు బాగుపడుతుందా? గామ్సన్, స్కాచ్ 1964లోనే బేస్‌బాల్ మేనేజర్ల తొలగింపును బలిపశువు క్రతువుగా విశ్లేషించారు. అడ్లర్, బెర్రీ, డోహర్టీ 2013లో ప్రచురించిన కాలేజీ ఫుట్‌బాల్ అధ్యయనంలో, బాగా అడుగున ఉన్న జట్లు కోచ్‌ను మార్చినా, మార్చని అలాంటి జట్లతో సమానంగానే ఆడాయి. మధ్యస్థంగా ఉన్న జట్లు మార్పు వల్ల ఇంకాస్త దిగజారాయి. కాలేజీ ఆట వేరు, వృత్తి ఆట వేరు, నిజమే. అయినా క్లీవ్‌లాండ్ కథ ఆ దిశలోనే నడిచింది. 1993 నవంబరులో కోచ్ బిల్ బెలిచెక్, ఒహాయో సొంత బిడ్డగా జనం ప్రాణంలా చూసుకున్న క్వార్టర్‌బ్యాక్ బెర్నీ కోసార్‌ను సామర్థ్యం తగ్గుతోందంటూ తొలగించాడు. ఊరు కోచ్ మీద భగ్గుమంది. 1996లో ఆ కోచ్ ఉద్యోగం పోయింది. తర్వాత అదే మనిషి న్యూ ఇంగ్లండ్‌లో హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు గెలిచాడు. అభిమానులు కోచ్‌ను తప్పుగా అంచనా వేశారని ఈ ఉదాహరణ చూపి అంటుంటారు. నేను ఇంకోలా చదువుతాను. వాళ్ళు అలిగింది వ్యూహం మీద కాదు, తమవాణ్ణి తమతో ఒక మాటైనా అనకుండా పంపేసిన తీరు మీద.

2017కు తిరిగి వద్దాం. కైజర్ డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు. ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 22 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే విసిరిన బంతి అన్నిసార్లు ఎదుటివాళ్ళ చేతిలో పడింది. కానీ జాక్సన్ అతన్ని నడిపిన తీరు చూడండి. న్యూయార్క్ జెట్స్‌తో ఆటలో విరామం దగ్గర కూర్చోబెట్టాడు. మరుసటి ఆట కెవిన్ హోగన్‌కు ఇచ్చాడు. ఆ పై ఆటకు కైజర్‌ను మళ్ళీ తెచ్చి, మధ్యలో తీసి కోడి కెస్లర్‌ను దించాడు. వెంటనే మళ్ళీ కైజర్. తప్పు చేస్తే తీసేస్తారన్న భయంతో బంతి విసిరేవాడి చెయ్యి కుదురుగా ఉండదు. కోచ్ తప్పు ఎక్కడ ముగిసి క్వార్టర్‌బ్యాక్ తప్పు ఎక్కడ మొదలవుతుందో ఇక్కడ ఎవరూ గీత గీయలేరు. అభిమానులు రెండు పేర్లనూ ఒకే ఊపిరిలో అనడంలో ఆ మేరకు న్యాయం ఉంది.

2018 జనవరి 6న గడ్డకట్టే చలిలో సుమారు మూడు వేల మంది స్టేడియం చుట్టూ ఊరేగింపు తీశారు. గెలిచినవాళ్ళకు జరిపే ఊరేగింపును సున్నా గెలుపులకు జరిపారు. దారి కూడా సున్నా ఆకారంలో గుండ్రంగా పెట్టుకున్నారు. ఓడిన జట్టు రంగులే ఒంటిమీద. వచ్చిన విరాళాలు పేదల ఆకలి తీర్చే ఫుడ్ బ్యాంకుకు వెళ్ళాయి. ఆటగాళ్ళలో కొందరికి ఇది అవమానంగా తోచింది, వాళ్ళ నొప్పి అర్థమవుతుంది. కానీ జట్టు అక్కర్లేనివాడు ఆ చలిలో ఇల్లు కదలడు. అలకపాన్పు వీధిలోకి తెచ్చి వేశారు, అంతే. ఆ సెప్టెంబరు 20న, అంతకుముందు గెలుపు నుంచి 635 రోజుల తర్వాత, బ్రౌన్స్ ఒక ఆట గెలిచింది. గాయపడ్డ టైరాడ్ టేలర్ స్థానంలో దిగిన కొత్త క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ గెలిపించాడు. అక్టోబరు 29న జాక్సన్‌ను తొలగించారు. క్లీవ్‌లాండ్‌లో అతని లెక్క 3 గెలుపులు, 36 ఓటములు, ఒక సమం.

అలకకు హద్దుంది. 2022లో జట్టు మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలతో పాటు మరికొన్ని ఎంపికలు ఇచ్చి క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌ను తెచ్చి, 23 కోట్ల డాలర్లు పూర్తి హామీతో ఒప్పందం రాసుకుంది. రెండు డజన్ల వరకు మహిళలు అతని మీద లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో సివిల్ దావాలు వేసి ఉన్నారు. అతను వాటిని ఖండించాడు, నేరాభియోగాలు నమోదు కాలేదు. లీగ్ 11 ఆటల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా విధించింది. చాలామంది అభిమానులకు ఇది తమను అడగకుండా ఇంట్లోకి తెచ్చిన సంబంధం. 2024 అక్టోబరు 20న సొంత మైదానంలో వాట్సన్ మడమ స్నాయువు తెగి పడిపోయినప్పుడు జనంలో కొందరు హర్షధ్వానాలు చేశారు. తర్వాత అతని స్థానంలో ఆడిన జేమీస్ విన్‌స్టన్, రక్షణ బలగం నాయకుడు మైల్స్ గారెట్ ఆ ప్రవర్తనను బాహాటంగా తప్పుపట్టారు. వాళ్ళన్నదే సరైనది. పడి ఉన్న మనిషిని చూసి సంతోషించిన చోట అలక లేదు, బంధుత్వం తెగిపోయింది.

తర్వాతి వారం కోచ్ కెవిన్ స్టెఫాన్స్‌కీ వ్యూహాలు ఎంచే పనిని తన సహాయకుడు కెన్ డోర్సీకి అప్పగించాడు. క్వార్టర్‌బ్యాక్‌గా విన్‌స్టన్ దిగాడు. అభిమానులు నెలల తరబడి అడుగుతున్నవి రెండూ ఒకే రోజు జరిగాయి. ఎదురుగా ఉన్నది బాల్టిమోర్, 1996లో ఊరు విడిచిపోయిన ఆ జట్టే. ఆఖరి నిమిషంలో విన్‌స్టన్ 38 గజాల దూరం నుంచి సెడ్రిక్ టిల్‌మన్‌కు బంతి అందించి టచ్‌డౌన్ సాధించాడు. 29–24.

ఆ తర్వాత తొమ్మిది ఆటల్లో బ్రౌన్స్ గెలిచింది ఒక్కటి. డెన్వర్‌లో విన్‌స్టన్ 497 గజాలు విసిరి, మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చి ఓడాడు. సీజన్ 3–14తో ముగిసింది. గెలిచిన ఆ ఒక్క ఆట నవంబరు 21 రాత్రి, సొంత మైదానంలో, పిట్స్‌బర్గ్ మీద. ఎరీ సరస్సు మీదుగా వచ్చిన మంచు మైదానం గీతల్ని కప్పేసింది. టోపీల మీద, భుజాల మీద తెల్లగా పేరుకుంటున్నా జనం లేవలేదు. 24–19.