స్కోల్ అంటే గిన్నె

ఆగస్టు సాయంత్రం. స్టాక్‌హోమ్ దగ్గరి దీవుల్లో ఒక ఇంటి పెరడు. కొమ్మలకి చందమామ మొహాలున్న కాగితపు లాంతర్లు వేలాడుతున్నాయి. మీ నెత్తిన కాగితం టోపీ పెట్టి, మెడకి బిబ్ కట్టేశారు. పెద్దవాళ్లందరిదీ అదే వేషం గనక సిగ్గుపడకండి. పళ్లెం నిండా ఎర్రగా ఉడికిన క్రేఫిష్, పైన సోయికూర పూలగుత్తులు. చల్లారాకే తింటారు. పెంకు విరిచి ఉప్పు రసం జుర్రుతుంటే పక్కవాళ్ల మాటలే వినపడవు.

ఎవరో పాట ఎత్తుకున్నారు. అది అయ్యేదాకా గ్లాసు నోటికి పోకూడదు. చిన్న గ్లాసులో ఆక్వావిట్ అనే సారా, గుప్పున షాజీరా ఘాటు. పాట అయిపోయింది. గ్లాసు గుండె దాకా ఎత్తండి, ఎదుటివారి కళ్లలోకి చూడండి. "స్కోల్!" తాగారా? ఆగండి, అప్పుడే దించకండి. మళ్లీ ఓసారి కళ్లు కలిపి, అప్పుడు దించాలి. నన్నడిగితే ఆ రెండో చూపే అసలు మర్యాద.

పక్కాయన మీ చెవిలో చెప్తాడు: వైకింగులు చంపిన శత్రువు పుర్రెలో తాగేవారట, పుర్రెకి ఇంగ్లీషు మాట 'స్కల్' ఉందిగా, దాన్నుంచే ఈ 'స్కోల్' పుట్టిందట. కథ పసందుగా ఉంది గానీ నమ్మకండి. వెనకటి నార్స్ కవి ఒకడు తాగే కొమ్ముని డొంకతిరుగుడుగా, పుర్రె మీద మొలిచిన వంకర కొమ్మగా వర్ణించాడు. డెన్మార్క్ పండితుడు ఓలె వోర్మ్ 1636లో అచ్చువేసిన లాటిన్ అనువాదంలో ఆ పశువు కొమ్ము కాస్తా శత్రువు పుర్రె అయి కూర్చుంది!

అసలు మూలం గిన్నె. వైకింగుల పాత నార్స్ భాషలో 'స్కాల్'. ఇంటావిడ అలమరలోంచి తీసిన పాత చెక్కగిన్నె ఇప్పుడు మీ చేతిలో ఉంది. ఒకే దుంగలోంచి తొలిచింది, పిడి గుర్రం తల. ఇలాంటి గిన్నెల్లో బీరు పోసి, ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకుంటూ తాగేవారు. పూర్వపు విందుల్లో ఓడిన్ దేవుడికి గెలుపు కోసం, న్యోర్డ్, ఫ్రేయ్ దేవతలకి పంట కోసం, శాంతి కోసం తాగి, ఆపైన పోయిన బంధువుల్ని తలుచుకుని తాగేవారని 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరి రాశాడు. తర్వాత క్రైస్తవం వచ్చింది, గిన్నె పోయి గ్లాసొచ్చింది. పేరు మాత్రం గిన్నెదే. స్వీడన్‌లో ఇవాళ్టికీ సలాడ్ గిన్నెనీ స్కోల్ అనే అంటారు. త్రాసుకి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న 'స్కేల్' అన్న పేరూ ఈ గిన్నెలోంచి వచ్చిందే. తట్టలున్నాయిగా మరి!

అన్నట్టు, మందు ముట్టనివాళ్లు మొహమాటపడక్కర్లేదు. గ్లాసులో జ్యూసున్నా స్కోల్ చెప్పొచ్చు.