ఇంటి రౌటర్‌పై మల్టీప్లేయర్ ఆటల సర్వర్: ఏ తలుపు తెరవాలి, ఏది మూసి ఉంచాలి?

ఇంట్లోని కంప్యూటర్‌లో మైన్‌క్రాఫ్ట్, టెర్రేరియా, వాల్‌హైమ్ వంటి ఆటల సర్వర్‌ను నడుపుతూ, వేరే ఊళ్లలో ఉన్న స్నేహితులను అందులోకి ఆహ్వానించడం సాధ్యమే. ఇందుకు ప్రత్యేక యంత్రం అవసరం లేదు. ఈ ఆటల సర్వర్ ప్రోగ్రాములను తయారీ సంస్థలే ఉచితంగా అందిస్తున్నాయి. అయితే సర్వర్ సిద్ధమైన తరువాత కూడా స్నేహితుల తెరపై ‘కనెక్ట్ కాలేదు’ అన్న సందేశమే కనిపించడం తరచూ జరుగుతుంటుంది. చాలా సందర్భాల్లో అడ్డంకి ఆటలో ఉండదు. ఇంటి రౌటర్‌లోనో, దానికి అవతల ఉన్న ఇంటర్నెట్ సంస్థ నెట్‌వర్క్‌లోనో ఉంటుంది.

ఈ చిక్కు త్వరగా తొలగాలన్న ఆత్రుతలో కొందరు రౌటర్‌లోని రక్షణలన్నింటినీ ఆపివేస్తారు. కానీ అదే రౌటర్‌పై ఇంటిల్లిపాది ఫోన్లు, ఆఫీసు ల్యాప్‌టాప్, సీసీ కెమెరాలు కూడా ఆధారపడి ఉంటాయి. ఆట కోసం తెరిచిన దారి వాటి వరకు చేరకుండా చూసుకోవడమే ఈ పనిలో అసలు మెలకువ.

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ వంటి మొబైల్ ఆటలు ఆయా సంస్థల సొంత సర్వర్లపైనే నడుస్తాయి. వాటిని ఆడటానికి రౌటర్‌లో ఏ మార్పూ అవసరం లేదు. సర్వర్‌ను మన ఇంట్లోనే నడపదలిచినప్పుడు మాత్రమే ఈ ఏర్పాట్లు కావాలి.

రౌటర్ ఎందుకు అడ్డుకుంటుంది?

ఇంట్లో పది పరికరాలు ఉన్నా, ఐపీవీ4 విధానంలో బయటి ఇంటర్నెట్‌కు సాధారణంగా ఒకే చిరునామా కనిపిస్తుంది. లోపలి పరికరాలకు 192.168తో మొదలయ్యే ప్రైవేటు చిరునామాలను రౌటర్ కేటాయిస్తుంది. లోపలి నుంచి ఎవరు ఏ వెబ్‌సైట్‌ను అడిగారో గుర్తుంచుకొని, వచ్చిన జవాబును వారికే చేరవేస్తుంది. ఈ పద్ధతిని ‘న్యాట్’ అంటారు.

ఎవరూ అడగకుండా బయటి నుంచి వచ్చిన అభ్యర్థనను ఏ పరికరానికి పంపాలో రౌటర్‌కు తెలియదు. కనుక దానిని తిరస్కరిస్తుంది. ఫ్లాట్ నంబరు లేకుండా అపార్ట్‌మెంట్‌కు వచ్చిన ఉత్తరం గేటు దగ్గరే ఆగిపోవడం వంటిదే ఇది. ‘ఫలానా నంబరుతో వచ్చినదాన్ని ఫలానా కంప్యూటర్‌కు పంపు’ అని రౌటర్‌కు ముందుగానే చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్. ఈ పోర్ట్ నంబర్లు 65535 వరకు ఉంటాయి.

మొదటి పరీక్ష: ఆ చిరునామా మీ ఇంటిదేనా?

ఐపీవీ4 విధానంలో ఉన్న చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు. ప్రాంతీయ సంస్థలకు పంచడానికి ప్రపంచ స్థాయిలో ఉంచిన నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. దాంతో అనేక ఇంటర్నెట్ సంస్థలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో వినియోగదారులకు కలిపి ఇస్తున్నాయి. దీనిని ‘క్యారియర్ గ్రేడ్ న్యాట్’ అంటారు. ఇంటి రౌటర్ చేసే పనినే ఇక్కడ సంస్థ తన స్థాయిలో మరోసారి చేస్తుంది. ఇటువంటి కనెక్షన్‌లో ఇంటి రౌటర్‌ను ఎన్నిసార్లు సరిచేసినా బయటివారు లోపలికి రాలేరు. సంస్థ వద్ద ఉన్న గేటు ఇంటివారి అధీనంలో ఉండదు.

అందువల్ల మిగతా పనులకంటే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. రౌటర్ సెట్టింగ్స్‌లో ‘వ్యాన్’ లేదా ‘ఇంటర్నెట్’ విభాగంలో ఉన్న ఐపీ చిరునామాను రాసుకోవాలి. తరువాత, ఐపీ చిరునామాను చూపే ఏదైనా వెబ్‌సైట్‌ను అదే కనెక్షన్‌తో తెరవాలి. రెండు చోట్లా ఒకే ఐపీవీ4 చిరునామా కనిపిస్తే పబ్లిక్ చిరునామా ఉన్నట్టే.

రెండూ వేరైతే, రౌటర్ చూపుతున్న చిరునామాను గమనించాలి. అది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న శ్రేణిలో ఉంటే క్యారియర్ గ్రేడ్ న్యాట్ అని నిర్ధారించుకోవచ్చు. ఈ శ్రేణిని 2012లో ఆ అవసరం కోసమే కేటాయించారు. 10తో మొదలైనా చాలావరకు కారణం అదే. 192.168తో మొదలైతే మాత్రం ఇంట్లోనే రెండు రౌటర్లు వరుసగా ఉండి ఉండవచ్చు. ఫైబర్ సంస్థ అమర్చిన పెట్టెకు సొంత వైఫై రౌటర్‌ను తగిలించిన ఇళ్లలో ఈ పరిస్థితి సాధారణం. అప్పుడు మొదటి పెట్టెను ‘బ్రిడ్జ్ మోడ్’లోకి మార్చమని సంస్థను కోరవచ్చు. లేదా రెండింటిలోనూ ఫార్వర్డింగ్ నియమం రాయవచ్చు.

పబ్లిక్ చిరునామా లేకపోతే?

మొదటి మార్గం, సంస్థను అడగడం. కొన్ని సంస్థలు అదనపు రుసుముపై స్థిరమైన పబ్లిక్ ఐపీని ఇస్తాయి.

రెండవది ఐపీవీ6. ఇందులో చిరునామాల కొరత లేదు. ఇంట్లోని ప్రతి పరికరానికీ పబ్లిక్ చిరునామా లభిస్తుంది. ఐపీవీ6 వినియోగంలో భారతదేశం ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. ఇక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ అవసరం ఉండదు కానీ, రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో సర్వర్ కంప్యూటర్‌కు, ఆట పోర్టుకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. ఆహ్వానం అందుకున్నవారికీ ఐపీవీ6 కనెక్షన్ ఉండాలి.

మూడవది, టెయిల్‌స్కేల్, జీరోటియర్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్ సేవలు. స్నేహితులందరూ అదే సేవను తమ కంప్యూటర్లలో అమర్చుకుంటే, దూరాన ఉన్నా ఒకే ఇంట్లో ఉన్నట్టుగా కలుసుకోవచ్చు. సాధారణంగా రౌటర్‌లో ఏ మార్పూ చేయనక్కర్లేదు. నలుగురైదుగురు పరిచయస్తులు ఆడుకోవడానికి భద్రత పరంగా ఇదే మేలైన దారి.

పోర్ట్ ఫార్వర్డింగ్: దశలవారీగా

1. రౌటర్‌లోకి ప్రవేశం: చిరునామా, పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున అంటించిన కాగితంపై ఉంటాయి. 192.168.1.1 లేదా 192.168.0.1 ఎక్కువగా కనిపించే చిరునామాలు. లోపలికి వెళ్లగానే తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చాలి.

2. సర్వర్‌కు స్థిరమైన చోటు: రౌటర్ పునఃప్రారంభమైనప్పుడు కంప్యూటర్ లోపలి చిరునామా మారిపోతే నియమం పనిచేయదు. ‘డీహెచ్‌సీపీ రిజర్వేషన్’ విభాగంలో ఆ కంప్యూటర్‌కు ఒకే చిరునామా దక్కేలా చూడాలి.

3. నియమం రాయడం: ‘పోర్ట్ ఫార్వర్డింగ్’ లేదా ‘వర్చువల్ సర్వర్’ విభాగంలో పోర్ట్ నంబరు, ప్రోటోకాల్, కంప్యూటర్ చిరునామా నింపాలి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు టీసీపీ 25565, బెడ్‌రాక్ ఎడిషన్‌కు యూడీపీ 19132, టెర్రేరియాకు టీసీపీ 7777, వాల్‌హైమ్‌కు యూడీపీ 2456, 2457 సాధారణంగా వాడే నంబర్లు. టీసీపీ బదులు యూడీపీ ఎంచుకోవడం తరచూ జరిగే పొరపాటు.

4. కంప్యూటర్ ఫైర్‌వాల్: విండోస్ ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపవద్దు. ఆట సర్వర్ ప్రోగ్రామ్‌కు మాత్రమే అనుమతి ఇవ్వాలి.

5. బయటి నుంచి పరీక్ష: ఇంటి వైఫైలో ఉంటూ సొంత పబ్లిక్ చిరునామాతో ప్రయత్నిస్తే కొన్ని రౌటర్లు అనుమతించవు. దానిని వైఫల్యంగా భావించకూడదు. మొబైల్ డేటాతో, లేదా స్నేహితుడి ఇంటి నుంచి పరీక్షించాలి.

పబ్లిక్ చిరునామా అప్పుడప్పుడు మారుతుంటే ‘డైనమిక్ డీఎన్ఎస్’ సేవతో ఒక స్థిరమైన పేరు పెట్టుకోవచ్చు.

వేగానికి హద్దులు

సర్వర్ నడిపే ఇంటికి డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ వేగం ముఖ్యం. ఆట స్థితిని ఆటగాళ్లందరికీ ఎప్పటికప్పుడు పంపేది సర్వరే. సర్వర్ కంప్యూటర్‌ను వైఫైకి బదులు కేబుల్‌తో రౌటర్‌కు కలిపితే అంతరాయాలు తగ్గుతాయి.

దూరం ప్రభావాన్ని మాత్రం ఏ సెట్టింగూ తొలగించలేదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికాలోని డాలస్‌కు సూటి దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు. అంటే సమాచారం వెళ్లి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలు చుట్టు మార్గాల్లో సాగుతాయి కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువ పడుతుంది. అక్కడి బంధువులతో కలిసి ఇళ్లు కట్టే ఆటలు హాయిగా ఆడుకోవచ్చు. క్షణాల్లో తేలిపోయే కాల్పుల ఆటలకు ఆ ఆలస్యం ఇబ్బందికరమే.

చేయకూడనివి

సర్వర్ పనిచేయనప్పుడు ‘డీఎంజెడ్’ ఆన్ చేయమన్న సలహా తరచూ వినిపిస్తుంది. అలా చేస్తే వేరే నియమం లేని పోర్టులన్నింటికీ వచ్చే అభ్యర్థనలు ఆ కంప్యూటర్‌కే చేరతాయి. ఒక ఆట కోసం ఒక కిటికీ తెరవాల్సిన చోట గోడనే తీసివేసినట్టవుతుంది. ‘యూపీఎన్‌పీ’ సదుపాయం ఆట అడిగిన పోర్టును తనంతట తానే తెరుస్తుంది. ఇంట్లోని హానికర ప్రోగ్రాములు అడిగినా అదే విధంగా తెరుస్తుంది. అవసరం లేకపోతే దానిని ఆపి ఉంచడం మంచిది.

ఈ జాగ్రత్తలు ఊహాజనిత భయాల నుంచి పుట్టినవి కావు. తయారీదారు పాస్‌వర్డ్‌లను మార్చని రౌటర్లు, కెమెరాలను 2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రామ్ పెద్ద సంఖ్యలో లోబరుచుకుంది. ఆ ఏడాది అక్టోబరులో ఆ పరికరాలతో జరిపిన దాడి వల్ల అమెరికాలో అనేక ప్రముఖ వెబ్‌సైట్లు స్తంభించాయి. మిరాయ్‌ను తయారుచేసిన ముగ్గురు యువకులు 2017లో నేరాన్ని అంగీకరించారు. పోటీదారుల మైన్‌క్రాఫ్ట్ సర్వర్లను దెబ్బతీయడం వారి తొలి లక్ష్యాల్లో ఒకటి. 2021 డిసెంబరులో వెలుగుచూసిన ‘లాగ్4జే’ లోపం కారణంగా, మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్‌లో ఒక చాట్ సందేశంతోనే ఆ కంప్యూటర్‌పై పట్టు సాధించే అవకాశం ఏర్పడింది. సర్వర్ ప్రోగ్రామ్‌ను, రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించుకోవడం ఇందుకే అవసరం.

సర్వర్‌లోకి పేర్లు నమోదైనవారే రాగలిగేలా ‘వైట్‌లిస్ట్’ పెట్టుకోవాలి, లేదా పాస్‌వర్డ్ ఉంచాలి. ఇంటి చిరునామాను ఫోన్ నంబరులా చూడాలి. తెలిసినవారికి ఇవ్వవచ్చు, బహిరంగ గ్రూపుల్లో పెట్టకూడదు. పిల్లలు సర్వర్ నడుపుతామంటే, రౌటర్‌లో ఏ నియమం రాశారో పెద్దలు ఒకసారి కలిసి చూడటం మంచిది. ఆటలు ముగిసి సర్వర్‌ను ఆపివేసిన తరువాత ఆ నియమాన్ని తొలగించడంతోనే పని పూర్తవుతుంది. చాలా ఇళ్లలో మరచిపోయేది ఈ చివరి పనినే.