మా ఇంటి జిస్ట్ కార్డు, తాత చెప్పిన కథ

కూరెకుప్పలోని మా ఇంటి అటక మీద ఒక పాత 486 కంప్యూటరు ఇరవై ఏండ్లు పడి ఉన్నింది. దాన్ని ఇనుప సామాన్లకు వేయొద్దని మేము పట్టుబట్టడానికి కారణం, దాని లోపల ఉన్న ఒక పొడవాటి కార్డు. దాని పేరు జిస్ట్.

కార్డు సంగతి ముందు చెప్పాల. 1980లలో ఐఐటీ కాన్పూర్‌లో భారతీయ లిపులను కంప్యూటర్ మీద చూపే పని మొదలైంది. 1988లో పుణెలో సీ-డాక్ సంస్థ ఏర్పడినాక ఆ పని అక్కడ సాగి, పీసీలో గుచ్చే కార్డుగా బయటికొచ్చింది. డాస్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు తెలుగంటే ఏమీ తెలియదు. అది నంబర్లు పంపిస్తుంది, కార్డు వాటిని అందుకొని తెర మీద అక్షరాలుగా గీస్తుంది. ఆ నంబర్ల పట్టికే ఇస్కీ. 1991లో ఐఎస్ 13194 పేరుతో అది ప్రమాణమైంది.

ఇస్కీలో తెలుగు 'క' నంబరు 179. కన్నడ 'క' కూడా 179. హిందీదీ అంతే. ఏ లిపిలో చూపాలో కార్డు చూసుకుంటుంది. 'ధర్మ' అనే మాటకు ధ, ర, హలంతం, మ అని నాలుగే నంబర్లు. తెలుగులో పెడితే రకారం కింద మ వత్తు పడుతుంది, కన్నడలో పెడితే మకారం పక్కన అర్కావత్తు వస్తుంది. (మా తాత చేతిరాతలో అదే వలపలగిలక. ఒక లిపి నుంచి చీలిన రెండు లిపులు కదా!)

మాబోటి ఇంటికి ఇది చిన్న విషయం కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ పక్కకు పోయినాయి. బళ్లారి, సండూరు మైసూరులో చేరినాయి. మా తాత ఈ పక్క, తాత అన్న ఆలూరు పక్క. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడ. చిన్నప్పుడు మాకు తెలుగు అక్షరాలు రావు.

1998లో తాత చెప్పుకుంటూ పోతే నాయన ఆ కథంతా ఈ కంప్యూటర్‌లో టైపు చేసినాడు. సాయంత్రం లిపి మార్చి మమ్మల్ని పిలిచేవాడు. మేము కన్నడ అక్షరాల్లో మా తాత తెలుగు చదివేవాళ్లం.

ఆ తర్వాత పాడు చేసింది మేమే. ఆటలు ఆడాలని విండోస్ 95 వేసినాం, ఒక సౌండ్ కార్డు గుచ్చినాం. విండోస్ తెరను తానే బొమ్మగా గీసుకుంటుంది, జిస్ట్ కార్డుకు అక్కడ పని లేదు. నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిస్తే 'క' ఉన్న చోటల్లా చిన్న 3 అంకె పైకెక్కి కూర్చునింది. నాయన ఏమీ అనలేదు. ఆయన మళ్లీ టైపు కూడా చేయలేదు.

రెండేండ్ల కింద ఇంటికి సున్నం వేసేటప్పుడు పెట్టె దించినాం. బ్యాటరీ మార్చి, హార్డ్ డిస్కు వివరాలు మళ్లీ ఇచ్చినాక మెల్లగా లేచింది. మొదలయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి ఉత్త కమాండ్ ప్రాంప్ట్‌కు పోయి ఫైలు చూస్తే తెర నిండా గోడలు, కంచెలు. అది భయపడే సంగతి కాదు. ఐబీఎం పీసీ అక్షరాల పట్టికలో 176 నుంచి 223 వరకు డబ్బాలు గీసే గీతలే ఉంటాయి. ఇస్కీ హల్లులన్నీ 179 నుంచి 216 లోపలే. అంటే ఫైలు బాగుంది, కార్డే పలకడం లేదు.

ఆటోఎగ్జెక్ ఫైల్లో కార్డు ప్రోగ్రామ్ వరుసకు ముందు 'రెమ్' అని ఉంది. తీసేసినాం. మెషిన్ బిగుసుకుపోయింది. ఇక సౌండ్ కార్డు మీద పడినాం. జంపర్ మార్చి ఐఆర్‌క్యూ 5 నుంచి 7కు తెచ్చినాం, పోర్టు మార్చినాం. రెండు ఆదివారాలు అట్లనే పోయినాయి. చివరికి సౌండ్ కార్డు ఊడబెరికినా బిగుసుకోవడం ఆగలేదు. ఆఫీసులో కొత్త టెస్టర్లకు ఒకసారికి ఒకటే మార్చండి అని చెప్పేది మేమే మళ్లా!

అప్పుడు ఎఫ్8లోనే ఒక్కొక్క వరుసకు అవునా కాదా అని అడిగే పద్ధతి పట్టుకున్నాం. కాన్ఫిగ్ ఫైల్లో ఈఎమ్ఎమ్386 వరుసకు కాదు అనగానే కార్డు లేచింది. ఆ ప్రోగ్రామ్ 640 కేబీకి, ఒక ఎంబీకి నడుమ ఖాళీగా కనబడిన జాగాను డాస్‌కు పంచుతుంది. ఆ జాగాలోనే కార్డులు కూడా కూర్చుంటాయి. అది ఖాళీ అనుకున్నది ఖాళీ కాకపోతే తగాదా. ఆ వరుస రాసింది ఎవరంటే, ఆటకు మెమొరీ చాలక, పన్నెండేండ్ల వయసులో, మేమే.

తెర మీద తెలుగు వచ్చింది. ఈసారి మాకు చదవడం వచ్చు.

ఫ్లాపీలోకి ఎత్తుకొని యూనికోడ్‌కు మార్చినాం. విండోస్‌లో ఇస్కీ తెలుగుకు 57005, కన్నడకు 57008 అని కోడ్ పేజీలు ఉన్నాయి. తెలుగులో మార్చి ఇంట్లో అందరికీ పంపితే చిన్నాయన ఒప్పుకోలేదు. "మీ నాయన రాసింది కన్నడ అక్షరాల్లోనే, నా కండ్లతో చూసినా. తెలుగు చేసింది మీరు" అన్నాడు. ఇస్కీలో లిపి ఏదో చెప్పే గుర్తు పెట్టొచ్చు కానీ మా ఫైల్లో ఆ గుర్తు లేదు. చిన్నాయన చూసింది అబద్ధం కాదు, మేము చూసిందీ కాదు.

ఫైలంతా మళ్లీ వెతికితే 208వ నంబరు మూడు చోట్ల దొరికింది. అది 'ఱ'. మూడు చోట్లా 'కఱవు' అనే మాటే. తాత ఆ అక్షరం విషయంలో ఊరుకునేవాడు కాదు, మామూలు 'ర' పెడితే దిద్దించేవాడు. కన్నడ బడిలో ఆ అక్షరం మాకెవరూ నేర్పలేదు, వాడుకలోంచి ఎప్పుడో పోయింది. చిన్నాయనకు ఇది చెప్పినాం. కాసేపు ఊరుకొని, "ఆ కఱవు సంగతి ఏం చెప్పినాడో చదువు" అన్నాడు.

ఫోనులోనే చదివి వినిపించినాం. ఎడ్లను అమ్ముకొని అన్నదమ్ములు చెరొక దిక్కు పోయిన భాగం అది. పిల్లల కోసం రెండు లిపుల్లోనూ ప్రతులు తీసినాం. కన్నడ ప్రతిలో కూడా ఆ మూడు చోట్ల 'ఱ'ను అట్లనే ఉంచినాం.