మద్యపానము – జీవిత బీమా ప్రీమియం

పావగడ తాలూకాకు మూడు వైపుల ఆంధ్రప్రదేశ్ ఉన్నది. అరసికెరె వంటి గ్రామాలలో అనేకుల ఇంటి భాష తెలుగు, బడిలోను కచేరీలోను కన్నడము. బీమా దరఖాస్తు మాత్రం తరచు ఇంగ్లీషులో ఉంటుంది. మద్యం సేవించే అలవాటు ఉన్నదా, ఉంటే ఎంత, ఎన్నేళ్లుగా అన్న ప్రశ్న ఆ దరఖాస్తులో ఒకటి. ఏజెంటు తొందరలో ఉంటాడు, సంతకం చేసేవారు మొహమాటపడతారు. "లేదు" అని పడిపోతుంది. తరువాత చిక్కంతా ఆ ఒక్క మాటతోనే వస్తుంది.

బీమా సంస్థ ఒక వయస్సు వారిలో ఏడాదికి సగటున ఎందరు మరణిస్తారో లెక్కించి ప్రీమియం నిర్ణయిస్తుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 లక్షల మరణాలకు మద్యమే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కాలేయ వ్యాధి, రక్తపోటు, కొన్ని రకాల కేన్సరు, రోడ్డు ప్రమాదాలు ఇందులో చేరినవే. అందువలన అధికంగా త్రాగేవారికి అదనపు ప్రీమియం వేయడమో, నిర్ణయాన్ని కొంతకాలం వాయిదా వేయడమో, దరఖాస్తును తిరస్కరించడమో జరుగుతుంది. పండుగకో పెండ్లికో పుచ్చుకునే వారికి సాధారణంగా అదనపు భారం పడదు. బీమా మొత్తం పెద్దదైతే రక్తపరీక్ష కోరతారు. కాలేయపు ఎంజైములు హెచ్చుగా కనబడితే దరఖాస్తులో ఏమి రాసినా అనుమానం తప్పదు.

"కొంచెమే" అన్న మాటకు ఇక్కడ కొలత ఉన్నది. 10 గ్రాముల ఆల్కహాలును ఒక ప్రమాణంగా లెక్కిస్తారు. 30 మిల్లీలీటర్ల విస్కీ లేదా బ్రాందీలో దాదాపు అంతే ఉంటుంది. ఆ లెక్కన 90 మిల్లీలీటర్ల ప్యాకెట్టు మూడు ప్రమాణాలు, 180 మిల్లీలీటర్ల క్వార్టరు ఆరు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు బీరు సీసా దాదాపు నాలుగు ప్రమాణాల వరకు ఉండవచ్చును. దినమొక క్వార్టరు త్రాగే మనిషి వారానికి నలభై రెండు ప్రమాణాలు త్రాగుతున్నాడన్నమాట. ఆంధ్రలో 1993లోను, కర్ణాటకలో 2007లోను సారా నిషేధింపబడినను అలవాటు మాత్రం ప్యాకెట్లలోకి మారింది.

నిజము చెబితే ఎంత నష్టము? ఉదాహరణకు 5 లక్షల పాలసీపై వెయ్యికి 2 రూపాయల చొప్పున అదనము వేశారనుకుందాము. ఏడాదికి 1,000 రూపాయలు, ఇరవై ఏళ్లకు 20,000. దాచిపెడితే పోగలిగినది 5 లక్షలు.

బీమా చట్టం 1938లోని 45వ సెక్షను ఇక్కడ ముఖ్యము. 2015 సవరణ ప్రకారము పాలసీ ఇచ్చి మూడేళ్లు దాటిన తరువాత ఏ కారణము చేతను దానిని ప్రశ్నించరాదు. మూడేళ్లలోపు మరణము సంభవిస్తే మాత్రం సంస్థ ఆసుపత్రి కేసు షీటు తెప్పించి చూస్తుంది. "పదేళ్లుగా త్రాగుడు" అని వైద్యుడు రాసిన పంక్తి అందులో ఉంటే అదే సాక్ష్యము. మోసము జరగలేదని నిరూపించవలసిన భారము అప్పుడు నామినీపై, అనగా సాధారణంగా భార్యపై, పడుతుంది. వానలు లేని ఏట వాయిదా కట్టలేక పాలసీ ఆగిపోయి, మళ్లీ పునరుద్ధరించుకుంటే మూడేళ్ల లెక్క ఆ తేదీ నుండి మొదలవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు.

2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇటువంటి తగాదాను తీర్చింది. అది జీవన్ ఆరోగ్య అనే ఎల్.ఐ.సి. ఆరోగ్య పాలసీకి సంబంధించినది. దీర్ఘకాలపు త్రాగుడును దాచినందున క్లెయిమును తిరస్కరించుట సరియేనని కోర్టు అన్నది. అయితే వితంతువుకు అప్పటికే చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టరాదని కూడా చెప్పింది.

ప్రమాద బీమా రైడరు సంగతి వేరు. మత్తులో ఉండగా జరిగిన ప్రమాదానికి ఆ అదనపు మొత్తం రాదు. అసలు పాలసీ మొత్తం మాత్రం షరతుల మేరకు వస్తుంది. సరిహద్దు అవతల త్రాగి రాత్రివేళ మోటారు సైకిలుపై తిరిగివచ్చేవారి ఇండ్లలో ఈ భేదము తెలిసి ఉండవలెను.

ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో త్రాగేవారికి, త్రాగనివారికి ప్రీమియం ఒక్కటే: 2022 జూన్ నుండి ఏడాదికి 436 రూపాయలు. 18 నుండి 50 ఏళ్లలోపు వారు బ్యాంకు ఖాతా ద్వారా చేరవచ్చును. వైద్య పరీక్ష లేదు. చేరిన మొదటి 30 రోజులలో ప్రమాద మరణానికి తప్ప సొమ్ము రాదు, ఆ పిమ్మట ఏ కారణముచే మరణించినను 2 లక్షలు.

దరఖాస్తుదారు ఇంగ్లీషు గాక తన భాషలో సంతకము చేసినా, వేలిముద్ర వేసినా, ప్రశ్నలను విడమరచి చెప్పితినని ఫారము నింపినవారు వేరుగా సంతకము చేయవలెను. ఆ భాగము ఖాళీగా ఉంటే నింపించి, ఒక నకలు ఇంటిలో ఉంచుకొనుట మేలు. క్లెయిము తిరస్కరింపబడితే మొదట సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. ఫలితము లేకపోతే ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును, రుసుము లేదు. పాలసీ హిందూపురములో తీసుకున్నదైనను, నివాసము అరసికెరె గనుక బెంగళూరు కార్యాలయములో ఫిర్యాదు చేయుటకు వీలున్నది.